చెమ్మ పట్టిన గుడ్ల అట్ట కొనకండి: బెజవాడ, గుంటూరు వాళ్ళకి హెచ్చరిక

గుడ్లు అట్టల లెక్కన కొనేవాళ్ళు ఈ ఎండలు తగ్గేదాకా జాగ్రత్తగా ఉండండి. సాయంత్రం పూట బండి మీద మామూలు రేటు కంటే ఇరవై, ముప్పై రూపాయలు తక్కువకి ఇస్తున్నారని నేనొక అట్ట కొన్నాను. 30 గుడ్లలో 8 పారబోయాల్సి వచ్చింది. పగలగొడితే ముక్కు మూసుకునేంత వాసన లేదు, పచ్చసొన కూడా చెదరలేదు. తెల్లసొన మాత్రం నీళ్ళలా జారిపోయి చిలకపచ్చ రంగులో ఉంది. అమ్మినతన్ని అడిగితే "ఎండలకి అంతేనండీ" అన్నాడు. ఎండ ఒక్కదానికే అలా కాదు.

పెంకుకి వేల సంఖ్యలో సన్నటి రంధ్రాలుంటాయి. కోడి పెట్టినప్పుడే వాటి మీద పలచటి పొర ఒకటి ఉండి కాపాడుతుంది. చలిలో నిలవ ఉంచిన గుడ్డుని తెచ్చి నలభై డిగ్రీల వేడిలో పెడితే, చల్లటి మజ్జిగ గ్లాసుకి పట్టినట్టు పెంకంతా చెమ్మ పడుతుంది. ఆ తడిలో పొర పనిచెయ్యదు, పైనున్న బాక్టీరియా రంధ్రాల్లోంచి లోపలికి దిగుతుంది. సూడోమోనాస్ అనే రకం చలిలో కూడా పెరుగుతుంది. తెల్లసొనని అలా చిలకపచ్చగా మార్చేది అదే. తెల్లసొనలో లేత పసుపు ఛాయ ఉంటే భయపడక్కర్లేదు, అది మామూలే. కాస్త మబ్బుగా ఉంటే ఇంకా మంచిది, తాజా గుడ్డు అన్నమాట.

కొనేముందు అట్ట అడుగున చెయ్యి పెట్టి చూడండి. అట్ట మెత్తబడి ఉన్నా, గుంటల్లో నీటి మరకలున్నా, ఎండపూట పెంకు చల్లగా తగిలినా వదిలెయ్యండి. నాలుగైదు గుడ్లు తీసి లావు వైపు ఫోన్ టార్చి ఆనించండి. లోపల గాలి గది కనబడుతుంది. తాజా గుడ్డులో దాని లోతు మూడు మిల్లీమీటర్ల లోపే. సెంటీమీటరు దాకా ఉంటే పాత సరుకే. చెవి దగ్గర కుదిపితే లోపల కదులుతున్నట్టు వినబడేది అసలు వద్దు.

ఇక ఇంట్లో ఫ్రిజ్జా, బయటా అన్న ప్రశ్న. యూరప్‌లో దుకాణాల్లో బయటే పెడతారు కదా అంటారు. అక్కడ గుడ్లు కడగరు, వాతావరణమూ చల్లన. రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళు మనవి. జనవరిలో అయితే వారం రోజులు గంపలో ఉన్నా ఏమీ కాదు గానీ, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఫ్రిజ్‌లోనే పెట్టండి. బయట ఒక రోజు, ఫ్రిజ్‌లో సుమారు వారం, రెండూ గుడ్డుని ఒకే మోతాదులో పాతబరుస్తాయి. తెచ్చాక కడగొద్దు. మట్టి అంటితే పొడిగుడ్డతో తుడవండి చాలు. మొన కిందికి ఉండేలా, తలుపులో కాకుండా లోపలి అరలో పెట్టండి. తలుపు తీసినప్పుడల్లా అక్కడ వేడి గాలి తగులుతుంది. ఒకసారి ఫ్రిజ్‌లోకి వెళ్ళిన గుడ్డు వంటకే బయటికి రావాలి. ఈ వేడిలో గంటకి మించి బయట ఉంచొద్దు. ఉడకబెట్టినవి ఇంకా త్వరగా పాడవుతాయి, ఉడికేటప్పుడు ఆ పైపొర పోతుంది కాబట్టి. మధ్యాహ్నం క్యారేజీలోకి వెళ్ళే పిల్లల గుడ్డు విషయంలో ఇది మర్చిపోకండి.

నాటు గుడ్లు కొనేవాళ్ళకి ఇంకో మాట. పుంజు తిరిగే దొడ్లో గుడ్డయితే అది పొదగదగిన గుడ్డు. వంటింట్లో 35 దాటిన వేడికి లోపల పిండం ఎదగడం మొదలెడుతుంది, రెండు మూడు రోజులకే పచ్చసొన మీద ఎర్రటి నరాలు కనబడతాయి. ఫారం గుడ్లకి ఈ గొడవ లేదు. నాటువి తెచ్చిన రోజే ఫ్రిజ్‌లో పెట్టండి.

నీళ్ళ పరీక్ష అందరికీ తెలిసిందే: పడుకుంటే తాజా, నిలబడితే పాత, తేలితే పారెయ్యాలి. కానీ అది వయసునే చెబుతుంది. వాంతులు, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉన్న గుడ్డు కూడా చక్కగా మునుగుతుంది, వాసనా రాదు. అందుకే అనుమానం ఉన్న అట్టలోవి సగం ఉడికిన ఆమ్లెట్లకి వాడకండి, పచ్చసొన గట్టిపడేదాకా ఉడకనివ్వండి. చిలకపచ్చ రంగు తెల్లసొన కనబడితే ఉడికించి వాడదామని కూడా చూడకండి. పులుసులోకి నేరుగా కొట్టి పొయ్యకుండా, ఒక్కో గుడ్డూ ముందు చిన్న గిన్నెలో పగలగొట్టి చూసుకోండి.