జీవుల వర్గీకరణ కార్డుల పెట్టె: ఉద్దానం బడిలో ఆరు నెలల వాడకం తరువాత

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలోని ఒక పుస్తకాల దుకాణంలో వేసవి సెలవుల చివర 480 రూపాయలకు కొన్న ఈ కార్డుల పెట్టెను, ఉద్దానంలోని ఒక తీర గ్రామపు ప్రాథమిక పాఠశాలలో నాలుగు, అయిదు తరగతుల పిల్లలతో ఆరు నెలలుగా వాడుతున్నాను. జంతువులను, మొక్కలను శాస్త్రవేత్తలు ఏ ఆధారంతో గుంపులుగా విడదీస్తారో ఆ వయసు పిల్లలకు తెలుగులో చెప్పే సామగ్రి చాలా తక్కువ. అందుకే దీనిలోని మంచినీ లోపాలనూ కాస్త వివరంగా రాస్తున్నాను.

పెట్టెలో 84 బొమ్మ కార్డులు, 16 ప్రశ్నల పట్టీలు, నేల మీద పరచుకునే ఒక పటం, ఒక చిన్న పుస్తకం ఉన్నాయి. రాజ్యం, వర్గం, తరగతి, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అనే ఏడు అంతస్తులు పటం మీద పై నుంచి కిందికి మెట్లలా దిగుతాయి. కిందికి వెళ్ళే కొద్దీ గుంపు చిన్నదవుతుంది, పోలికలు పెరుగుతాయి. పదేళ్ళ పిల్లలకు ఏడు పేర్లూ ఒకేసారి అవసరం లేదు కనుక, నేను రాజ్యం, తరగతి, కుటుంబం, జాతి అనే నాలుగింటితోనే నడిపించాను.

పటం పరచకముందే కార్డులన్నీ కుప్పగా పోసి, తోచినట్లు వేరు చేయమని చెప్పాను. ఒక జట్టు కూర వండుకునేవి, వండుకోనివి అని రెండు కుప్పలు పెట్టింది. మరొక జట్టు నీళ్ళలో ఉండేవి, నేల మీద ఉండేవి, ఎగిరేవి అని మూడుగా విడదీసి, తిమింగలాన్ని, రొయ్యను, పీతను చేపలలోనూ గబ్బిలాన్ని పక్షులలోనూ చేర్చింది. పిల్లలను తప్పుపట్టవలసిన పని లేదు. ఈనాటి వర్గీకరణకు పునాది వేసిన స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ కూడా 1735లో అచ్చయిన తన గ్రంథం తొలి కూర్పులో తిమింగలాలను చేపలలోనే ఉంచి, 1758 నాటి పదో కూర్పులో వాటిని క్షీరదాలలోకి మార్చాడు. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లల ముఖాలలో కనిపించిన ధైర్యం నాకు ఇప్పటికీ గుర్తుంది. పెట్టెలోని చిన్న పుస్తకంలో దీనికి ఒక పుట కేటాయించి ఉండవలసింది.

ఈ పెట్టెలో అన్నిటికంటే విలువైనవి ప్రశ్నల పట్టీలు. వెన్నెముక ఉందా, ఒంటి మీద ఉన్నవి పొలుసులా ఈకలా వెంట్రుకలా, పిల్లలకు పాలిస్తుందా, కాళ్ళు ఎన్ని అనే వరుసలో అవి సాగుతాయి. ఒక్కొక్క ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ కార్డును పటం మీద ముందుకు జరపాలి. గబ్బిలం ఎగురుతుంది కదా అని వాదించిన పిల్లవాడు, దానికి ఈకలు లేవని, రెక్కగా కనిపించేది పొడవాటి వేళ్ళ ఎముకల మధ్య సాగిన చర్మమని, అది పిల్లను కని పాలిస్తుందని ఒక్కొక్కటే ఒప్పుకుంటూ, చివరకు తన చేతులతోనే ఆ కార్డును ఆవు పక్కన పెట్టాడు. మా పిల్లలలో జాలరి కుటుంబాల వారు ఎక్కువ. మరునాడు ఒక అమ్మాయి ఇంటి నుంచి రొయ్యను, పీతను తెచ్చింది. కాళ్ళు లెక్కపెడితే పీత డెక్కలతో కలిపి రెంటికీ పదేసి వచ్చాయి. చీమకు ఆరు, సాలీడుకు ఎనిమిది అని కార్డుల మీద చూసి, కీళ్ళున్న కాళ్ళు, పైన గట్టి పెంకు ఈ నాలుగింటికీ ఉన్నాయని గమనించి, రొయ్యను చేపల నుంచి తీసి చీమ ఉన్న వైపుకు తామే మార్చారు. పుట్టినప్పటి నుంచి చేపలతో పాటు చూస్తున్న రొయ్య విషయంలో అది చేప కాదని అనుకోవడం వారికి చిన్న విషయం కాదు.

లోపాలలో మొదటిది పేర్లకు సంబంధించినది. ఒంటిని చూసి తేల్చుకోమని పట్టీలు చెబుతుంటే, కార్డుల మీది పేర్లు పిల్లలను వెనక్కు లాగుతున్నాయి. సముద్ర నక్షత్రాన్ని నక్షత్ర చేప అని, జెల్లీఫిష్‌ను జెల్లీ చేప అని, నత్తకు దగ్గర బంధువైన కటిల్‌ఫిష్‌ను కటిల్ చేప అని అచ్చు వేశారు. వెన్నెముక లేని ఈ మూడింటిలో ఏదీ చేప కాదు. ఇంగ్లీషు పేరును మాటకు మాటగా మార్చడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది. ఆ మూడు కార్డుల మీద తెల్ల కాగితం అంటించి పేర్లు మళ్ళీ రాసుకున్నాము.

అయితే పేరు చేసే మోసం మన తెలుగులోనూ ఉంది. నవంబరులో పిల్లలను టెక్కలి దగ్గరి పక్షుల విడిది తేలినీలాపురానికి తీసుకువెళ్ళినప్పుడు, గూడబాతు (పెలికాన్) బాతులలో ఒకటేనా అని ఒక పాప అడిగింది. పెట్టెలో గూడబాతు కార్డు, బాతు కార్డు రెండూ ఉన్నాయి కానీ, వాటిని వేరు చేసే పట్టీ లేదు. బాతుకు ముందరి మూడు వేళ్ళ మధ్య మాత్రమే చర్మం ఉంటుంది, గూడబాతుకు వెనక వేలితో సహా నాలుగింటినీ చర్మం కలుపుతుంది. శాస్త్రవేత్తలు ఈ రెంటినీ వేరు వేరు క్రమాలలో ఉంచారు. ఈ తేడాను మేమే ఒక పట్టీగా రాసి పెట్టెలో చేర్చాము. దీనికి భిన్నంగా, జీడిమామిడి అనే పేరు నిజమే చెబుతుంది. జీడి, మామిడి రెండూ ఒకే కుటుంబానికి చెందిన చెట్లు. ఉద్దానంలో పుట్టి జీడితోటల మధ్య పెరిగిన పిల్లలకు ఈ సంగతి ఎంత దగ్గరిదో చెప్పనక్కరలేదు కానీ, పెట్టెలో జీడిమామిడి కార్డే లేదు.

శాస్త్రీయ నామాలను మాత్రం కార్డుల వెనక శ్రద్ధగా తెలుగు లిపిలో ఇచ్చారు. పులి పాంథెరా టైగ్రిస్, సింహం పాంథెరా లియో, చిరుత పాంథెరా పార్డస్. మొదటి మాట ప్రజాతిని, రెండవది జాతిని తెలుపుతుందని చెప్పగానే, ఇంటిపేరు ముందు రాసి సొంత పేరు తరువాత రాసినట్లే కదా అని పిల్లలు అందుకున్నారు. మనుషులలో ఇంటిపేరు ఒకటైనా చుట్టరికం లేకపోవచ్చు, ఇక్కడ మాత్రం మొదటి పేరు కలిస్తే దగ్గరి బంధుత్వం ఉన్నట్లేనని నేను జోడించాను.

మొక్కలకు 84లో 20 కార్డులే ఇచ్చారు, అది చాలదు. ఏకదళ, ద్విదళ బీజాల కార్డులలో బొమ్మ తప్ప వివరణ లేదు. రాత్రి నానబెట్టిన మినుములను పొట్టు తీసి పిల్లల చేత రెండు బద్దలుగా విడదీయించి, వడ్లగింజ అలా విడిపోదని చూపించాక గానీ వారికి బోధపడలేదు. ఇంతకంటే పెద్ద తప్పు పుట్టగొడుగును మొక్కల రాజ్యంలో ఉంచడం. దానికి పత్రహరితం లేదు, తన ఆహారాన్ని తాను తయారు చేసుకోలేదు. 1969లో అమెరికా శాస్త్రవేత్త విట్టేకర్ ప్రతిపాదించిన అయిదు రాజ్యాల పద్ధతిలోనే పుట్టగొడుగుల వంటి శిలీంధ్రాలకు వేరే రాజ్యం ఉంది. ఇప్పుడు అచ్చయ్యే సామగ్రిలో ఈ తప్పు ఉండకూడదు.

అట్ట నాణ్యత మధ్యరకం. సముద్రపు గాలికి వర్షాకాలంలో కార్డుల అంచులు వంకరపోయాయి, పటం మడతల దగ్గర చిరిగింది. ఇంట్లో ఒకరిద్దరు పిల్లలకైతే రెండేళ్ళు మన్నుతుందనుకుంటాను. బడికి కొనేవారు కార్డులకు ముందుగానే ప్లాస్టిక్ పొర వేయించుకోవడం మంచిది.

ఎనిమిది నుంచి పదకొండేళ్ళ పిల్లలకు, పక్కన కూర్చుని ఆడించే పెద్దవారు ఉంటే, ఈ ధరకు కొనదగిన పెట్టె ఇది. పిల్లలకు ఇచ్చే ముందు పుట్టగొడుగు కార్డును, పైన చెప్పిన మూడు చేపల కార్డులను సరిచేయండి. మా పిల్లలు ఇప్పటికి 11 కార్డులు సొంతంగా తయారు చేసి పెట్టెలో చేర్చారు. వాటిలో మొదటిది జీడిమామిడి. బొమ్మ గీయకుండా, ఎండబెట్టిన ఆకునే అట్ట మీద అంటించి, పక్కన మామిడాకును కూడా అంటించారు.