చైను అన్నారు, ఎలుక తేలింది: ఆరేళ్ల ఆడి టీటీ 3.2

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసేవాడికి అంకెలతో ఒక తిరకాసు ఉంటుంది. 320 గ్రేడు కంటే 240 పెద్ద పప్పు, దానికంటే 180 పెద్దది. పౌనుకు ఎన్ని పప్పులు తూగుతాయో అదే గ్రేడు కాబట్టి అంకె తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. రోజంతా ఈ లెక్కలోనే బతికే నేను, కారు కొనడానికి వెళ్లేసరికి మాత్రం 2.0 లీటర్ల ఇంజను పక్కన 3.2 లీటర్లది కనబడగానే పెద్ద అంకె వైపే చెయ్యి చాచాను. ఆరేళ్లయింది. వారంలో నాలుగైదు రోజులు మంచిపనే చేశాననిపిస్తుంది.

2019 మొదట్లో మా బావా నేనూ కలిసి హైదరాబాద్ వెళ్లాం. పాత కార్ల డీలరు దగ్గర రెండు ఆడి టీటీలు, అంటే రెండు తలుపుల స్పోర్ట్స్ కార్లు, పక్కపక్కనే ఉన్నాయి, రెండూ 2008వే, రెండూ ఏపీ 09 నంబర్లే. ఒకటి 2.0 టీఎఫ్ఎస్ఐ. టర్బో ఉంది, 200 హార్స్‌పవర్, తిరిగేవి ముందు చక్రాలే. రెండోది 3.2 వీ6, అంటే ఆరు సిలిండర్లది. టర్బో లేదు, 250 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే క్వాట్రో. బావది విజయనగరం, రోజూ కారు తీసే మనిషి. ఆయన 2.0 తీసుకున్నాడు, నేను రెండోది. అందుకే ఈ పోలిక ఎక్కడో చదివి చెబుతున్నది కాదు. ప్రతి పండక్కీ మా ఇంటి ముందో వాళ్లింటి ముందో రెండూ పక్కపక్కన ఆగుతూనే ఉన్నాయి, తాళాలు చేతులు మారుతూనే ఉన్నాయి.

కారు ఆకారం గురించి, వెనక సీట్లో కొబ్బరి బొండాలు తప్ప మనుషులు పట్టరన్న సంగతి గురించి అందరికీ తెలుసు. ఇంజను గురించే చెబుతాను.

ముందు ఒక ఇంటి సంగతి. మేం కొన్నప్పటికి తిత్లీ వచ్చి నాలుగైదు నెలలే అయింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను మా పక్కనే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. "తోటలు పడిపోయి ఊరంతా ఏడుస్తుంటే నీకు రెండు తలుపుల కారు కావాలా?" అని నాన్న ఒక్కటే మాట అన్నారు. ఆయన రెండో మాట అననవసరం లేదు. కారును ఇంటి ముందు పెట్టడానికి ముఖం చెల్లక గోదాములో, జీడిపిక్కల బస్తాల పక్కన, టార్పాలిన్ కప్పి ఉంచాను. మొదట్లో ఒక నెల అనుకున్నాను. మూడేళ్లు అక్కడే ఉంది.

ఇక ఇంజను. నాది ఇష్టం కాదు, పిచ్చి. మామూలు వీ6లో రెండు వరుసల సిలిండర్లు బాగా ఎడంగా ఉంటాయి. ఇందులో వాటి మధ్య 15 డిగ్రీలే, దాదాపు అతుక్కుని కూర్చున్నట్టే, రెండు వరుసలకూ కలిపి పైన మూతలా ఒకటే హెడ్డు. అందుకే ఇంత చిన్న ముక్కులో ఆరు సిలిండర్లు అడ్డంగా పట్టాయి. అదంతా కాగితం మీద సంగతి. పొద్దున్న ఐదున్నరకి టెక్కలి దాటి నౌపడా ఉప్పు మళ్ల పక్కన అద్దం దించుకుని రెండో గేరులో వెళ్లి చూడాలి. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర మా బాయిలర్లో పిక్కలు ఉడుకుతున్నట్టు గుడగుడమంటుంది. నాలుగు వేలు దాటాక గొంతు మారుతుంది, అక్కడి నుంచి ఆరు వేల దాకా ఒకటే ఆలాపన. అన్నిటికంటే నాకు నచ్చేది ఏమిటంటే, కాలు ఎంత నొక్కితే అంతే వస్తుంది. టర్బో కార్లలా ముందు ఆలోచించుకుని తర్వాత ఉరకడం ఉండదు. ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు, పక్కన సైకిలు, సందు అంతంత మాత్రం. అలాంటి చోట కారు మన కాలి మాట వినడం ఎంత హాయో నడిపితేనే తెలుస్తుంది.

మొదటి ఏడాది మా బావతో ఈ విషయం మీద చాలా గొప్పలు పోయాను. తర్వాత ఒక సంక్రాంతికి తాళాలు మార్చుకుని భోగాపురం నుంచి నాతవలస దాకా వెళ్లాం. టోల్‌గేటు దాటి రెండు కార్లూ ఒకేసారి కదిలాయి. ఎనభై వచ్చేదాకా నా కారు, అంటే బావ చేతిలో ఉన్న 3.2, నన్ను దాటలేకపోయింది. కారణం తేలికే. 2.0 టర్బోకి 1,800 ఆర్‌పీఎం నుంచే 280 ఎన్ఎం టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, అందుతుంది. పైగా ఆ కారు దాదాపు 150 కిలోలు తేలిక. నా దాంట్లో ఆ బరువులో చాలా భాగం ముక్కు మీదే ఉంది, మలుపుల్లో అది తెలుస్తుంది. ఎనభై తర్వాత 3.2 ముందుకెళ్లింది, నిజమే. కానీ మన రోడ్ల మీద ఎనభై తర్వాత సంగతి రోజులో ఎన్ని నిమిషాలు వస్తుంది?

వానాకాలం మాత్రం మాట వేరు. ఇసుక కొట్టుకొచ్చిన తడి రోడ్డు మీద బావ కారు ముందు చక్రాలు గిర్రున తిరుగుతాయి. నాది నిమ్మళంగా పోతుంది.

3.2 కొంటున్నానని చెప్పినప్పుడు తెలిసినవాళ్లంతా ఒకే మాట అన్నారు: చైను. వాల్వులు సమయానికి తెరుచుకునేలా క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే గొలుసే టైమింగ్ చైను. ఈ ఇంజనుకు అది గేర్‌బాక్సు వైపు ఉంటుంది. అది సాగితే మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. చైను ఖరీదు కంటే అక్కడికి చేరడానికి అయ్యే కూలీ ఎక్కువ. 2.0కి ఆ బెంగ లేదు, దానిది బెల్టు, ముందు నుంచే మార్చుకోవచ్చు. దానికి ఉన్న చాదస్తం వేరు. హై ప్రెషర్ పెట్రోలు పంపుకీ క్యామ్‌షాఫ్ట్‌కీ మధ్య చిన్న గిన్నెలాంటి పార్టు ఒకటి ఉంటుంది, క్యామ్ ఫాలోయర్ అంటారు. అది అరిగిందేమో అప్పుడప్పుడూ విప్పి చూడాలి. చూస్తే చవక, చూడకపోతే ఖరీదు. పెట్రోలు నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఇంజను కాబట్టి వాల్వుల మీద మసి కూడా పేరుకుంటుంది. బావ వీటన్నిటికీ ఒక డైరీ పెట్టాడు. పెళ్లయిన కొత్తలో మా అక్క పుట్టినరోజు మర్చిపోయిన మనిషే.

నా 3.2 ఒక్కసారి కూడా రోడ్డు మీద ఆగలేదు. ఆగలేదు అంటే, 2022 ఆగస్టు దాకా.

ఆ రోజు ఆదివారం. అరసవల్లి దర్శనం చేసుకుని వస్తున్నాం. నరసన్నపేట దాటాక వాన మొదలైంది. ఉన్నట్టుండి కారు వణికింది. ఇంజను లైటు టపటపా కొట్టుకుంది, కింద ఈపీసీ అని పసుపు అక్షరాలు, ఇంజను పవర్‌లో ఏదో తేడా ఉందని హెచ్చరిక. ఆరు సిలిండర్ల ఆలాపన పోయి షేర్ ఆటో చప్పుడు మొదలైంది. మా ఆవిడ నా ముఖం చూసింది కానీ ఏమీ అడగలేదు. అడిగితే "చైను" అనేవాణ్ణి. ఆ మాట మూడేళ్లుగా నా నోటి చివరే ఉంది. నలభై మించకుండా, పక్క లైట్లు కొట్టుకుంటూ పలాస చేరేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ మనసులో లెక్కలు వేస్తూనే ఉన్నాను, ఏ చీటీ పాడాలి, ఎవరి దగ్గర సర్దాలి అని.

మర్నాడు ఫ్లాట్‌బెడ్ లారీ మీద విశాఖపట్నం పంపించాను. అక్కడ పెద్ద కార్లు చూసే ఒక వర్క్‌షాపు, పేరు అనవసరం. కుర్రాడు స్కానర్ పెట్టాడు. రెండు కోడ్‌లు వచ్చాయి. ఒకటి, ఒక సిలిండర్ మండడం లేదని. రెండోది క్యామ్‌షాఫ్ట్ సెన్సర్ గురించి. క్యామ్‌షాఫ్ట్ అన్న మాట చూడగానే తల పంకించాడు. "చైను సాగిపోయింది సార్. గేర్‌బాక్సు దించాలి. పార్టులు బయటి నుంచి రావాలి. మూడున్నర లక్షలు, నెలన్నర అనుకోండి." నేను సరే అనేశాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. మూడేళ్లుగా ఎదురుచూస్తున్న చెడ్డ కబురు వచ్చేసిందని ఒకరకంగా తేలికపడ్డాను కూడా.

ఆపింది బావ. ఫోనులో "చైను ఎన్ని డిగ్రీలు జరిగిందో రీడింగ్ చూపించమను బామ్మర్దీ, ఊరికే చైను అంటే కాదు" అన్నాడు. మళ్లీ వర్క్‌షాపుకి ఫోన్ చేసి అడిగాను. సాయంత్రం చెబుతామన్నారు. మర్నాడు సాయంత్రం కూడా సాయంత్రం చెబుతామన్నారు. మూడో రోజు కారును అదే లారీ మీద వెనక్కి తెచ్చేశాను. రానూపోనూ లారీకే పద్దెనిమిది వేలు.

కాశీబుగ్గలో లారీల డైనమోలు, సెల్ఫ్ మోటార్లు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు. మా లోడు లారీలన్నీ ఆయన దగ్గరికే వెళ్తాయి. ఇలాంటి కారు ఎన్నడూ ముట్టుకోలేదని ముందే చెప్పేశారు. "ఏటి బాబూ, ఇంత సిన్న బండికి ఇన్ని వైర్లేటి?" అంటూ ఇంజను మీది ప్లాస్టిక్ కవరు ఎత్తారు. ఇద్దరం ఒక్క క్షణం మాట్లాడలేదు. కవరు కింద గుండ్రంగా, చక్కగా అల్లిన గూడు. గోనె పీచు, జీడిపప్పు మీది ఎర్ర పొట్టు, టార్పాలిన్ నీలం ముక్కలు. మధ్యలో నాలుగు పప్పులు, ఒక్కటీ విరగలేదు. వృత్తి అలవాటు, చూడగానే తెలిసిపోయింది: 240 గ్రేడు. గూడు పక్కన రెండు సన్నని వైర్లు, రాగి తీగ ఎర్రగా కాదు, పచ్చగా తుప్పు పట్టి బయటికి కనబడుతోంది. ఒకటి సిలిండర్లో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కి పోయేది, రెండోది క్యామ్‌షాఫ్ట్ సెన్సర్‌ది. వాన తేమ తగలగానే రెండూ చేతులెత్తేశాయి.

"ఇంజినుకేటీ కాలేదు బాబూ. ఎలక కొట్టేసింది" అన్నారాయన. రెండు వైర్లూ సోల్డరింగ్ చేసి, మీద స్లీవ్ తొడిగి, దాని మీద పాత కరెంటు పైపు ముక్క కోసి చుట్టారు. పదిహేను వందలు తీసుకున్నారు. కీ తిప్పగానే ఆరు సిలిండర్లూ అందుకున్నాయి. పెద్దాయన చెవి దగ్గర పెట్టి కాసేపు విని, "బాగుంది, సన్నాయిలాగుంది" అన్నారు. ఆ ఇంజనుకు నేను విన్న మెప్పుల్లో అదే పెద్దది.

అంటే విశాఖలో కవరు కూడా ఎత్తలేదన్నమాట. కోపం వచ్చింది, ఇంకా ఉంది. కానీ సగం తప్పు నాదే. చైను అని వాళ్లు అనకముందే నేను అనుకున్నాను. తర్వాత విజయనగరంలో లాప్‌టాప్, కేబులు ఉన్న ఒక కుర్రాడితో ఇంజను వేడెక్కాక క్యామ్‌షాఫ్ట్ డిగ్రీలు చూపించుకున్నాను. హద్దులోనే ఉంది. ఏడాదికోసారి చూపించి అంకె రాసుకుంటున్నాను. బావ డైరీని వెక్కిరించే హక్కు అలా పోయింది.

మైలేజీ అడుగుతారు కాబట్టి చెబుతున్నాను, పది ఇస్తుంది. పది అంటే ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా జాతీయ రహదారి మీద, వంద దాటకుండా. కాశీబుగ్గ బజారులో ఆరు. పెట్రోలు బంకుల్లో ఇప్పుడు ఇథనాలు 20 శాతం కలుస్తోంది, 2008 కారుకు దాని కోసం తయారుచేసిన రబ్బరు పైపులు ఉండవు కాబట్టి వాటిని అప్పుడప్పుడూ తడిమి చూస్తున్నాను. గేర్‌బాక్సు రెండు కార్లకూ ఒకే రకం, రెండు క్లచ్చులు ఆయిల్లో మునిగి ఉండేది. 60 వేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చాలి, మారిస్తే గొడవ లేదు. 3.2లో వెనక చక్రాల క్లచ్చుకు కూడా వేరే ఆయిల్ ఉంటుంది, అది చాలామంది మర్చిపోతారు. 2023లో పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ కట్టి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు పొడిగించుకున్నాను.

మరి ఏది కొనాలి? నేను నెలకు మూడు, నాలుగు వందల కిలోమీటర్లకు మించి తిప్పను. సరుకు పనికి నాకు వేరే బండి ఉంది. కాబట్టి 3.2 నాకు సరిపోయింది. రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లయితే, దగ్గర్లో నమ్మకమైన మెకానిక్కు ఉంటే, 2.0 తీసుకోమంటాను. ఆ మాట బావ ఎదుట ఇంతవరకూ అనలేదు. 3.2నే కావాలంటే డీలరును చైను డిగ్రీల రీడింగ్ అడగండి, అడిగే ముందు ఇంజను మీది కవరు మీ చేత్తోనే ఎత్తి చూడండి.

కారు ఇప్పుడు ఇంటి ముందే ఉంటుంది. నాన్న పొద్దున్నే పేపరు చదువుతూ దాని బానెట్ మీద కాఫీ గ్లాసు పెడతారు. మరక పడుతుంది, నేను తుడుస్తాను. మొన్న దసరాకి బావ మళ్లీ అడిగాడు, అమ్ముతావా అని. రెండేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు. సంక్రాంతి దాకా ఆగమన్నాను. ఏ సంక్రాంతో ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.