చెస్‌ల ఓడి ఓడి మనసు విరిగితే ఏది మేలు: పంతమా, బంద్ పెట్టుడా, పజిల్సా, ఓడిన గేమా?

మా అక్క కొడుకు, నేను ఒక్కసారే చెస్ మొదలుపెట్టినం, 2023 ఎండాకాలం సెలవులల్ల, ఇక్కడ పాలమూరులనే. అప్పుడు వానికి ఎనిమిదేండ్లు, నాకు ముప్పైమూడు. మొదటి రెండు నెలలు ఇద్దరికీ పండుగనే, గుర్రం ఎట్ల దుంకుతది, కాస్లింగ్ అంటే ఏంది, ఏది తెలిసినా సంబురమే. ఆ తర్వాత ఓడుడు మొదలైంది. ఏమీ రానప్పుడు ఓడితే పోనీ అనుకుంటం, కానీ ఇంత నేర్చుకున్నంక కూడా ఎవరో వచ్చి ఇరవై ఎత్తులల్ల ఆట కట్టేసిపోతే, నాకసలు బుర్ర ఉందా లేదా అనిపిస్తది. ఆ మాట ఒక్కసారి లోపల పడ్డదంటే ఇగ బోర్డు చూస్తేనే చెయ్యి రాదు. నాకు పడ్డది, పిల్లగానికీ పడ్డది.

ఈ బాధకు మందని ఇద్దరం కలిసి నాలుగు తీర్ల చేసి చూసినం. మా అనుభవంల ఏది పనిచేసింది, ఏది ఇంకింత ముంచింది, అదే చెప్త.

మొదటిది పంతానికి ఇంకో గేమ్. ఇది మందు అనుకుంటం గాని రోగమే ఇది. నేను జడ్చర్లల ఎరువుల దుకాణంల లెక్కలు రాస్త, రాత్రి ఇంటికొచ్చి తిని ఫోన్ పట్టుకుంటే నాకు దొరికే టైం గంతే. ఒక రాత్రి పదకొండుకు మూడు నిమిషాల బ్లిట్జ్, అంటే గడియారం పెట్టుకొని ఉరికిచ్చే ఆట, మొదలుపెట్టిన, నా రేటింగ్, అంటే ఆట బలం చెప్పే అంకె, 1040. మొదటి గేమ్ గెల్వాల్సింది, ఒక ఏనుగు ఎక్కువుంది నాకు, గడియారంల టైం అయిపోయి ఓడిన. ఆ కోపానికి ఇంకోటి, అదీ పోయింది, ఇంకోటి. అట్ల ఒంటిగంటన్నర దాంక 27 గేమ్‌లు ఆడిన, గెలిచినవి ఏడు, లేచి చూస్తే 950 ఉంది. తెల్లారి పొద్దుగాల ఆ 27 గేమ్‌లల్ల ఒక్కటి కూడ యాదికి రాలే. ఎక్కడ తప్పు పోయిందో తెల్వదు, ఓడిన అన్నది మాత్రం మస్తు యాదికుంది. కోపంల ఆడితే ఎదుటోని ఎత్తు చూడం, మన ఎత్తే చూస్తం, గింతే దాంట్ల ఉన్న కిటుకు. అందుకే ఇప్పుడు నాకో లెక్క ఉంది, రెండు వరుసగ పోతే ఫోన్ పక్కకు.

ఇక్కడ ఇంకో ముచ్చట తెలుసుకుంటే సగం బరువు దిగుతది. ఆన్‌లైన్‌ల గాని టోర్నమెంట్‌ల గాని రేటింగ్ లెక్క ఆర్పాడ్ ఎలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ చూపిన దారిలనే నడుస్తది, ప్రపంచ చెస్ సంఘం ఫిడే 1970ల దాన్ని తీసుకుంది. ఇద్దరి రేటింగ్ నడుమ 200 తేడా ఉంటే పెద్ద రేటింగ్ ఉన్నోడు వంద గేమ్‌లల్ల దాదాపు 76 పాయింట్లు (గెలిస్తే ఒకటి, డ్రా అయితే సగం) తెచ్చుకుంటడని ఆ లెక్క చెప్తది, ఇద్దరూ సమానమైతే చెరి సగం. ఇప్పుడు ఆన్‌లైన్‌ల మనకు జత కట్టేది ఎవలతోటి? మన రేటింగ్ ఉన్నోల్లతోటే. అంటే మనం ఎంత నేర్చుకున్నా, 800లున్నా 1500కు పోయినా, దాదాపు సగం గేమ్‌లు ఓడుతనే ఉంటం. మనం పెరిగితే ముంగట కూసునేటోడు కూడ పెరుగుతడు. నాకు ఇది తెల్వక ఏడాది పాటు "ఇంకా ఓడుతున్ననంటే ఏం నేర్చుకోలే" అని కుమిలిపోయిన. వరుసగ ఐదు ఓడుడు కూడ అంతే, ఒక్కో గేమ్ బొమ్మాబొరుసు లెక్క అనుకున్నా ఐదుకు ఐదు పోయేది 32ల ఒకటి, వందల గేమ్‌లు ఆడేటోనికి అట్లాంటి వరుసలు తగులుతనే ఉంటయి. తెలివి పోయిందని కాదు అర్థం.

రెండోది బంద్ పెట్టుడు. దీన్ని చానమంది చిన్నచూపు చూస్తరు, పిరికోడు అంటరు, నేనైతే అనను. 2024ల వానకాలం పంటకు యూరియా కోసం రైతులు పొద్దుగాల నుంచి లైన్ కట్టే రోజులల్ల నాకు చెస్ కాదు కదా తిండికే టైం లేకుండె, మూడు వారాలు బోర్డు ముట్టలే. తిరిగి కూసున్నప్పుడు తల తేలికగ ఉండె, మునుపు చూడకుండ దాటేసే ఎత్తులు కండ్లకు కనవడ్డయి. కానీ నాలుగో రోజుకల్లా పాత తప్పు పాత జాగలనే వచ్చి కూసుంది. బంద్ పెడితే అలుపు పోతది, తప్పు పోదు. జొరమొస్తే నిద్ర మంచిదే గాని నిద్రే గోలి కాదు కదా.

అయినా బందుల రెండు రకాలున్నయి. ఫలానా తారీఖు దాంక ఆడను అని పెట్టుకునేది ఒకటి, "నాకు రాదు ఇగ" అని డబ్బా సజ్జ మీద పడేసేది ఒకటి. మా పిల్లగాడు రెండోది చేసిండు. ఒక కోచింగ్ క్లాస్‌ల వేసినం వాన్ని, అక్కడ చెప్పేటాయన పది మంది పిల్లల ముంగట "ఇన్ని నెలలైనా మంత్రిని ఊకె పోగొట్టుకుంటవ్, నీకు చెస్ ఎందుకురా" అన్నడట. వాడు ఇంటికొచ్చి ఏం చెప్పలే, డబ్బా తీసి సజ్జ మీద పెట్టిండు, నాలుగు నెలలు దింపలే. మా అక్క కూడ "ఇడ్సిపెట్టు తమ్మీ, వాని చదువన్న సక్కగుంటది" అన్నది. అడిగితే "మామా నాకు ఇష్టం లేదు" అంటడు గాని టీవీల చెస్ ముచ్చట వస్తే ఆగి చూస్తుండె, అది నేను కనిపెట్టిన. ఆట మీద ఇష్టం పోలే వానికి, సిగ్గు పడ్డడు అంతే. సిగ్గుతోటి పెట్టిన బంద్ ఎన్ని రోజులైతే అంత గట్టి పడుతది, అందుకని పిల్లలు డబ్బా పక్కకు పెడితే ఇష్టం పోయిందని తొందరపడి అనుకోకండి.

మూడోది పజిల్స్, అంటే బోర్డు మీద పావులు పెట్టి ఇక్కడ మంచి ఎత్తు వెతుకు అనేటివి, ఇంకా వీడియోలు. ఓడే భయం లేకుండ ఆటతోటే ఉండొచ్చు, పొద్దుగాల బస్సుల పోతా పది పజిల్స్ చేస్తే పానం జర లేస్తది, ఆ మేరకు మంచిదే. కానీ పజిల్ ముంగట పెట్టిందంటేనే ఇందుల ఏదో ఉందని మనకు ముందే తెలుసు, నిజం గేమ్‌ల ఎవడూ చెవుల చెప్పడు. ఒక నెల మొత్తం పజిల్సే చేసి పజిల్ రేటింగ్ చూసుకొని మురిసి, గేమ్‌కు కూసుంటే మల్ల అదే కథ, ఈసారి బాధ ఇంకా ఎక్కువ. వీడియోలు అయితే తిన్నట్టుంటది, కడుపు నిండదు.

ఇగ నాలుగోది, ఓడిన గేమ్ ముంగటేసుకొని కూసునుడు. నా ఓటు దీనికే, ఎందుకో జర నెమ్మదిగ చెప్త.

2025ల సంక్రాంతి అయినంక మా దగ్గరనే ఒక ఫంక్షన్ హాల్‌ల పిల్లల టోర్నమెంట్ పెట్టిండ్రు, ఏడు రౌండ్లు. బతిమిలాడి మా వాన్ని తీసుకపోయిన. మొదటి రౌండే ఓడిండు, వానికంటే చిన్న పిల్లతోటి. బయటికొచ్చి నా అంగి పట్టుకొని "ఇంటికి పోదాం మామా, అయిపోయింది కదా" అని ఏడుపు. వాడు కబడ్డీ లెక్క ఓడితే బయటికే అనుకున్నడు. స్విస్ పద్ధతిల అట్లుండదు, ఓడినోనికి ఓడినోడే జత పడుతడు, ఆఖరు రౌండ్ దాంక అందరూ ఆడుతరు. అప్పటికి మూడు వారాల కిందనే, 2024 డిసెంబర్‌ల, న్యూయార్క్‌ల కోనేరు హంపి మహిళల వరల్డ్ రాపిడ్, అంటే తక్కువ టైంల ఆడే ప్రపంచ పోటీ, గెలిచింది. అదే చెప్పిన వానికి, ఆమె కూడ మొదటి రౌండ్ ఓడిపోయింది బిడ్డా, పదకొండు రౌండ్లయ్యేసరికి 8.5 పాయింట్లతోటి ఛాంపియన్ అయింది అని. నమ్మలే, ఫోన్‌ల చూపిచ్చిన. కండ్లు తుడుసుకొని మల్ల లోపలికి పోయిండు, నాలుగు పాయింట్లు తెచ్చుకొని వచ్చిండు. కప్పు గిప్పు ఏం రాలే. అయినా వానికి ఆ నాలుగు పాయింట్లు యాదికి లేవు, ఆ చిన్న పిల్లతోటి ఓడిందే తల్ల తిరుగుతుంది.

ఆ ఆదివారం మెట్టుగడ్డ దిక్కు ఉండే ఒక లెక్కల సార్ ఇంటికి తీసుకపోయిన, రిటైర్ అయ్యిండు, యాప చెట్టు కింద కట్టె బోర్డు వేసుకొని కూసుంటడు. బోర్డు ఎంత పాతదంటే నల్ల ఒంటె ఒకటి పోయి దాని జాగల మందు సీసా మూత ఉంది. సార్ "ఓడినవా" అని అడగలే, "ఏది ఆ గేమ్, పెట్టి చూపియ్" అన్నడు. వాడు నల్లవి ఆడిండు, పదో పన్నెండో ఎత్తుల దాంక యాదికుంది, పెట్టిండు. తెల్ల గుర్రం బి5 అనే గడిల కూసొనుంది, సి7 బంటు మీద దాని కన్ను, ఆ బంటుకు కావలి డి8లున్న మంత్రి ఒక్కటే. వీడు ఎదుటి పిల్ల రాజును కొడదామన్న సంబురంల ఆ మంత్రిని హెచ్4కు ఉరికిచ్చిండు. గుర్రం సి7 బంటును తిని చెక్ చెప్పింది, మూలకున్న ఏనుగు కూడ దాని కిందికే వచ్చింది. రాజు జరగాలె, ఏనుగు పోవాలె.

సార్ ఏమీ అనకుండ మంత్రిని మల్ల డి8ల పెట్టి, ఆ గుర్రాన్ని రెండు వేళ్లతోటి పట్టుకొని అడిగిండు, "ఇది బి5కు వచ్చినప్పుడు ఎందుకొచ్చిందని అడిగినవా దాన్ని?" పిల్లగాడు బోర్డు దిక్కే చూసుకుంట చానసేపు కూసున్నడు. కిందికెల్లి ఒక చీమ పటం మీద పోతుంటే దాన్ని కూడ దులపలే. తర్వాత "లేదు సార్, నేను నా మంత్రినే చూసిన" అన్నడు. అన్నంక వాని ముఖం మారింది, నేను పక్కనే ఉన్న, చూసిన. అప్పటిదాంక ఆ ఓటమి వాని మీద వాడేసుకున్న ముద్ర, "నాకు రాదు" అని. ఇప్పుడది బి5ల ఒక గుర్రం అయింది. గుర్రాన్నయితే సంబాలియ్యొచ్చు. "నాకు రాదు" అన్నదాన్ని ఏం చేస్తం?

సార్ ఇంకో మాట కూడ చెప్పిండు. గుకేశ్ సింగపూర్‌ల అప్పటి ప్రపంచ ఛాంపియన్ డింగ్ లిరెన్ తోటి మొదటి గేమే ఓడిండు కదా, 2024 నవంబర్‌ల, మల్ల డిసెంబర్ 12కు 18 ఏండ్లకే ప్రపంచ ఛాంపియన్ అయిండు, అంత పెద్దోల్లకు ఓడిన రాత్రి పక్కన కూసొని గేమ్ చూసే టీమ్ ఉంటది, మనకెవరున్నరు బిడ్డా, మనల్ని ఓడగొట్టినోడే మనకు టీమ్ అని. చెస్ ఆడేటోల్లు గేమ్ అయినంక ఇద్దరూ కూసొని చూసుకునుడును పోస్ట్‌మార్టం అనే అంటరు, పాత అలవాటు అది. గెలిచినోడు చెప్తడు, నువ్వు ఈ ఎత్తు వేస్తవని నేను భయపడ్డ అని. ఆ మాట కంప్యూటర్ చెప్పదు.

కంప్యూటర్ సంగతి కూడ చెప్పాలె, ఎందుకంటే అందరికీ యాప చెట్టు కింద సార్ దొరకడు. లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌ల పైస లేకుండ మన గేమ్‌లు అనాలిసిస్ చేసుకోవచ్చు, మన తప్పు దగ్గర ఆపి ఇక్కడ ఇంకేం ఆడొచ్చో నువ్వే వెతుకు అనే వరస కూడ ఉంది, అది మంచిది. కానీ మనసు విరిగున్న రోజు కంప్యూటర్ తెరిస్తే ఎర్ర గుర్తులే గుర్తులు, పది తప్పులు ఒక్కసారే మీదేస్తది, దానికి మన వయసు తెల్వదు మన బాధ తెల్వదు. అందుకని నేను ముందుగాల నా కండ్లతోటి చూసి ఎక్కడ చెడిందో ఒక్కటి రాసుకుంట, తర్వాతనే కంప్యూటర్‌ను అడుగుత, అది కూడ ఆ ఒక్క జాగ గురించే. పదిట్ల ఒక్కటి పట్టుకుంటే సాలు. లిచెస్ సెట్టింగ్‌లల్ల రేటింగ్ కనవడకుండ చేసుకునే వీలుంది, నేను చేసుకున్న, రాత్రి నిద్ర పడుతుంది.

ఎవరికి ఏది అంటే, నా మట్టుకు నాకు తోచింది ఇది. పిల్లలకైతే ఓడిన రోజే గేమ్ తీయకండి, ముందు మిర్చి బజ్జి తినిపియ్యండి, రెండు రోజులాగి అడగండి, అది కూడ తిట్టని మనిషి దగ్గర. పెద్దోల్లకు, ముఖ్యంగ పని చేసొచ్చి రాత్రిల్లు ఆడే నా అసుంటోల్లకు, బ్లిట్జ్ బంద్ చేసి వారంల రెండో మూడో పదిహేను నిమిషాల గేమ్‌లు, ఒక్కోదానికి గేమ్ ఎంత సేపో చూసుడు అంత సేపు. ఇట్ల ఆడితే గేమ్‌లు తక్కువ అయితయి, రేటింగ్ నెమ్మదిగ కదులుతది, ఓపిక లేనోనికి ఇది కష్టమే, ఒప్పుకుంట. అలిసిపోయినోల్లకు బంద్ మేలు, కానీ తారీఖు పెట్టుకోండి. పజిల్స్ ఎప్పుడైనా చెయ్యొచ్చు గాని ఓటమి నుంచి దాక్కునేందుకు వద్దు. పంతానికి ఆడుడు మాత్రం ఎవరికీ వద్దు, నా తమ్మునికైనా ఇదే చెప్త.

మా వాడు ఇప్పుడు రెండొందల పేజీల నోట్‌బుక్ పెట్టుకున్నడు, ఓడినవే రాస్తడు అందుల, గెలిచినవి రాయడు. మొదటి పేజీల ఆ పిల్లతోటి ఆడిన గేమ్ ఉంది, బి5 దగ్గర గుర్రం బొమ్మ గీసి చుట్టూ ఎర్ర పెన్నుతోటి సున్న చుట్టిండు. ఆ పిల్ల కూడ ఇప్పుడు ఆదివారాలు సార్ దగ్గరికి వస్తుంది, వాళ్ల నాయిన బండి మీద దింపి పోతడు. పోయిన వారం ఇద్దరూ ఆడిండ్రు, మా వాడే ఓడిండు మల్ల. గేమ్ అయినంక పావులు సర్దబోతుంటే మా వాడు ఆమె చెయ్యి ఆపి, "ఆగు, ఈ ఏనుగు ఇక్కడికి ఎందుకు తెచ్చినవ్, చెప్పు" అని అడుగుతుండె.