మంగళగిరి నుంచి ఆటోనగర్ దాకా: మొరాయించే బండితో రెండు రోజులు

గుంటూరు నుంచి విజయవాడకు గంట ప్రయాణం. ఆ గంట దారికి రెండు రోజులు పెట్టుకున్నది అమ్మ కోసం. మంగళగిరి పానకాల స్వామి, ఉండవల్లి గుహలు, దుర్గమ్మ దర్శనం, వీలైతే కొండపల్లి బొమ్మలు. బండి మా ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ. కొని ఆరేళ్లయింది.

బయలుదేరే ముందే దానికి జబ్బుంది. రెండు నెలలుగా పొద్దున పూట సెల్ఫ్ బరువుగా తిరిగేది. డ్యాష్‌బోర్డు గడియారం ఉన్నట్టుండి పన్నెండుకు వెళ్లిపోయేది. గుంటూరులో నేను మామూలుగా చేయించే సర్వీసు కేంద్రంలో ముందు బ్యాటరీ మార్చారు. తగ్గలేదు. తర్వాత స్కానర్ పెట్టి తొమ్మిది లోపాల కాగితం చేతికిచ్చారు. డైనమో, స్టీరింగు కంట్రోల్ పెట్టె మార్చాలని, నలభై రెండు వేలవుతుందని చెప్పారు. యాత్ర అయ్యాక చూద్దామనుకున్నాను. ఇంట్లో పెద్దలు, పిల్లలు ఉన్నప్పుడు అలా అనుకోకూడదని ఇప్పుడు గట్టిగా చెబుతాను.

కాజ టోల్‌గేటు దాటేవరకు ఏ ఇబ్బందీ లేదు. మంగళగిరి కొండ మీద పూజారి శంఖంతో పానకం పోస్తుంటే స్వామి నోట గుటకల చప్పుడు వినిపిస్తుంది. అది ఆగాక మిగిలిన సగం మనకు ప్రసాదం. అమ్మ ఆ చప్పుడు కోసమే వచ్చింది, కళ్లు మూసుకుని విన్నది. పొద్దున్నే వెళ్లడం మంచిది, ఎండెక్కితే రాయి కాళ్లను కాలుస్తుంది.

దిగేటప్పుడు ఘాట్ రోడ్డు రెండో మలుపులో స్టీరింగు ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగు దీపాలన్నీ కలిసి వెలిగాయి. ఇంజను ఆపలేదు. ఆపితే బ్రేకుకు అందే సాయం కూడా పోతుంది. మొదటి గేరులో, రెండు చేతులా బలం పెట్టి తిప్పుతూ దిగాను. వెనక సీట్లో పాప మాట్లాడడం మానేసింది.

కింద తిన్నటి రోడ్డు మీదికి రాగానే దీపాలన్నీ ఆరిపోయాయి. ఉండవల్లి వెళ్లాం. కొండను తొలిచిన నాలుగు అంతస్తుల గుహలు, లోపల ఒకే రాతిలో పవళించిన అనంతపద్మనాభస్వామి. మెట్లు నిటారుగా ఉన్నా లోపలి చల్లదనానికి అమ్మ మోకాళ్ల నొప్పి మరిచిపోయింది. ఈ యాత్రలో నాకు ఎక్కువ నచ్చిన చోటు ఇదే. పిల్లలున్నవాళ్లు గంటన్నర పెట్టుకోండి.

తిరిగి వచ్చి తాళం తిప్పితే టక్ టక్ అన్న చప్పుడే. పక్కనున్న ట్రాలీ ఆటో డ్రైవరు జంపర్ కేబుల్ తెచ్చాడు. నల్ల తీగను మా బ్యాటరీకి కాకుండా ఇంజను ఇనుముకు పట్టించాడు. వెంటనే స్టార్టయింది. డబ్బు తీసుకోలేదు, నేరుగా ఆటోనగర్ వెళ్లమన్నాడు. ప్రకాశం బ్యారేజీ మీదుగా ఎక్కడా ఆపకుండా వెళ్లాం.

ఆటోనగర్‌లో లారీ బాడీల సుత్తి దెబ్బల మధ్య చిన్న షెడ్డు. మేస్త్రికి అరవై ఏళ్లుంటాయి. తొమ్మిది లోపాల కాగితం ఇస్తే చదివి పక్కన పెట్టి, ఉండవల్లిలో నల్ల తీగ ఎక్కడ పెట్టారని అడిగారు. చెప్పగానే మల్టీమీటర్ తీశారు. బ్యాటరీ 12.6 వోల్టులు, బాగానే ఉంది. ఒక మొన బ్యాటరీ మైనస్‌కు, ఇంకొకటి ఇంజనుకు పెట్టి సెల్ఫ్ కొట్టమన్నారు. ముల్లు 2 దాటింది.

“అర వోల్టు దాటకూడదు బాబూ. బ్యాటరీ మంచిదే, డైనమో మంచిదే. కరెంటు ఇంజను నుంచి బ్యాటరీకి తిరిగొచ్చే దారి మూసుకుపోయింది. ఉండవల్లిలో నల్ల తీగ ఇంజనుకే పట్టించారు కాబట్టి ఇంకో దారి దొరికి స్టార్టయింది,” అన్నారు.

ఇంజనును బాడీకి కలిపే ఎర్త్ పట్టీ విప్పి నా అరచేతిలో పెట్టారు. జడలా అల్లిన రాగి తీగలు. నట్టు దగ్గర పచ్చటి చిలుము పట్టి, వేలితో నలిపితే పొడి రాలింది. సగం తీగలు అప్పటికే తెగిపోయి ఉన్నాయి. నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు ఎలక్ట్రిక్ స్టీరింగు చాలా కరెంటు లాగుతుంది. ఆ పట్టీ అంత మోయలేక వోల్టేజి పడిపోతే, ప్రతి కంట్రోల్ పెట్టె తనకు తోచిన లోపం రాసుకుంటుంది. కాగితం మీద తొమ్మిది, అసలుది ఒక్కటి. కొత్త పట్టీ వేసి, బాడీ మీద పెయింటు గీకి, నట్టు బిగించి, గ్రీజు పూశారు. పద్నాలుగు వందలు. ఇంజను నడుస్తుండగా లైట్లు, ఏసీ అన్నీ వేసి మీటరు చూపించారు: 14.1 వోల్టులు, డైనమో బాగానే ఉంది.

బస కోసం రెండు చోట్లు చూశాం. బందరు రోడ్డు హోటల్లో గదులు బాగున్నాయి గాని పార్కింగు సెల్లారులో. అక్కడ ఫోను పనిచేయదు, బండి మొండికేస్తే లాగే వాహనం దిగడానికి ఎత్తు చాలదు. గాంధీనగర్ లాడ్జిలో గది ఇరుకు, మంచాలు పాతవి, కానీ ఆరుబయట పార్కింగు. రిపేరు అయినా ఆ రాత్రికి నాకు ధైర్యం చాలలేదు, లాడ్జే తీసుకున్నాం. తెల్లవారుజామున కిందికి వెళ్లి సెల్ఫ్ కొట్టాను. మొదటి తిప్పుకే అందుకుంది. దుర్గమ్మ దర్శనం అయ్యాక కొండపల్లి కూడా చూశాం. పాప ఏనుగు అంబారీ కొనుక్కుంది.

గుంటూరు చేరాక పాత పట్టీని సర్వీసు కేంద్రానికి తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. సూపర్‌వైజరు చాలాసేపు తిప్పి చూసి, ఆ నలభై రెండు వేల అంచనాను కొట్టేశారు. అనవసరంగా మార్చిన బ్యాటరీ మాటెత్తితే పై అధికారితో మాట్లాడతానన్నారు. ఇంకా ఫోను రాలేదు. సోమవారం మళ్లీ వెళ్తున్నాను.