వియన్నాలో బ్రూగెల్ గది

వియన్నా వెళ్లేవారు షోన్‌బ్రున్ రాజభవనానికి ఒక పూట, ఒపెరాకు ఒక సాయంత్రం ముందే కేటాయించుకుంటారు. కున్‌స్ట్‌హిస్టోరిషెస్ అనే కళా మ్యూజియానికి ఏదైనా మిగిలితే చూద్దాం అంటారు. నన్నడిగితే వరస తారుమారు చేయాలి. అందుకు పీటర్ బ్రూగెల్ గది ఒక్కటి చాలు. 1569లో మరణించిన ఈ చిత్రకారుడి వర్ణచిత్రాలు ప్రపంచంలో నలభై దాకా మిగిలితే, వాటిలో 12 ఇక్కడే ఉన్నాయి.

జనమంతా 'బాబెల్ గోపురం', 'మంచులో వేటగాళ్లు' ముందు గుమిగూడారు. వాటిని నాలుగడుగుల వెనక నుంచి చూసినా నష్టం లేదు. 1560 నాటి 'పిల్లల ఆటలు' మాత్రం దగ్గరికి వెళ్తేనే అందుతుంది. మీటరున్నర మించిన వెడల్పున్న చెక్క పలక మీద రెండు వందల మందికి పైగా పిల్లలు ఊరి కూడలిని ఆక్రమించుకున్నారు. చక్రాలు దొర్లించేవారు, వంగినవారి మీదుగా దూకేవారు, కళ్లకు గంతలు కట్టుకున్నవారు. ఎడమవైపు కింది మూలలో ఇద్దరు ఎముకలతో ఆడుతున్నవి అచ్చంగా మన అచ్చనగాయలే! నవ్వు ముఖం కోసం వెతికాను, దొరకడం కష్టం. అందరూ ఏదో ఉద్యోగం చేస్తున్నంత శ్రద్ధగా ఆడుతున్నారు.

'రైతుల పెళ్లి' దగ్గర ఇంకా ఎక్కువసేపు ఉండిపోయాను. తలుపు ఊడదీసి, దాని మీద పళ్లేలు పేర్చి మోసుకొస్తున్నారు. వాద్యగాడి చూపు వాయింపు మీద లేదు, వచ్చే వంటకం మీద ఉంది. వెనక గుమ్మంలో లోపలికి రావాలని తోసుకుంటున్న గుంపు. పెళ్లికూతురు ఆకుపచ్చ గుడ్డ ముందు చేతులు ముడుచుకుని కూర్చుంది, పెళ్లికొడుకు ఎవరన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. విందులో అతన్ని ఎవరూ పట్టించుకోకపోవడమే నాకు నచ్చింది.

'కార్నివాల్, లెంట్ పోరు' (విందు వినోదాల పండుగకూ, దాని వెంటే వచ్చే క్రైస్తవుల ఉపవాస కాలానికీ మధ్య పోరు) మతసంబంధమైన బొమ్మలా మొదలై సంతబజారులా మారిపోతుంది. పీపా ఎక్కిన లావుపాటి మనిషికీ, రెండు చేపలు పట్టుకున్న బక్క రూపానికీ మధ్య పోరు ఒక సాకు. చేపలమ్మేవారూ బిచ్చగాళ్లూ తమ పనిలో తామున్నారు.

వెళ్లే ముందు ఇంటర్నెట్‌లో 'ఇన్‌సైడ్ బ్రూగెల్' వెబ్‌సైట్‌లో ఈ చిత్రాలను పెద్దవి చేసి చూసి వెళ్లండి, అక్కడ కళ్లు ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. మ్యూజియం గురువారం రాత్రి తొమ్మిది వరకు తెరిచి ఉంటుంది, టూర్ బృందాలు వెళ్లిపోయాక గది మనదే. సోమవారం ఏడాదిలో చాలా భాగం సెలవు, ముందే చూసుకోండి. గోపురం కింది కేఫ్‌లో కూర్చోవడం ఒక అనుభవమే, కానీ ఆకలి తీర్చుకోవడానికి మాత్రం బయటకు రావడమే నయం.

బస విషయానికి వస్తే, పాత నగరాన్ని చుట్టిన రింగ్ రోడ్డు లోపల మేము దిగిన హోటల్లో అద్దెకు తగ్గ గది లేదు, పెట్టె తెరిస్తే నడవడానికి చోటుండదు. యూ3 మెట్రో మార్గం మీద కాస్త దూరంగా అపార్ట్‌మెంటుకు మారితే హాయిగా ఉంది. ఫోల్క్స్‌థియేటర్ స్టేషన్‌లో దిగితే మ్యూజియం కాలినడకన కొద్ది నిమిషాలే. విమానాశ్రయం నుంచి ప్రత్యేక క్యాట్ రైలు కాస్త ముందు చేరుస్తుంది గానీ, మామూలు ఎస్7 రైలు కూడా అదే వీన్ మిట్టె స్టేషనుకు చాలా చవకగా తీసుకెళ్తుంది. అపార్ట్‌మెంటు తీసుకుంటే శనివారమే సరుకులు కొనుక్కోండి. ఆదివారం పెద్ద రైల్వే స్టేషన్లలో తప్ప దుకాణాలు దాదాపు అన్నీ మూసే ఉంటాయి.