ఒక్క క్లబ్బా, రెండా, అయిదారా? లీగ్‌కు ఏది మేలు?

ఒకే క్లబ్బు ఏళ్ల తరబడి ఏలే లీగ్, ఇద్దరు దిగ్గజాలు పంచుకునే లీగ్, అయిదారు పెద్ద క్లబ్బులు పోటీపడే లీగ్. ఈ మూడింటిలో ఆటకూ ఆదాయానికీ ఏది మేలని యూరప్ ఫుట్‌బాల్ చూసే పాఠకులు తరచుగా అడుగుతున్నారు. చాలామంది టైటిళ్ల లెక్కతోనే దీనికి జవాబు చెబుతారు. పైనున్న క్లబ్బుకూ మధ్యలో ఉన్న క్లబ్బుకూ ఏటా వచ్చే ఆదాయంలో తేడా ఎంత, ఆ తేడా తనంతట తానే పెరుగుతూ పోతోందా అన్న లెక్క అంతకన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

ముందుగా జర్మనీ. 2013 నుంచి 2023 వరకు బేయర్న్ మ్యూనిక్ వరుసగా 11 బుండెస్‌లీగా టైటిళ్లు గెలిచింది. విజేత ఎవరో ముందే తెలిస్తే జనం రారన్న వాదనే నిజమైతే ఆ పదకొండేళ్లలో జర్మన్ స్టేడియాలు బోసిపోయి ఉండాలి. కోవిడ్ కాలాన్ని మినహాయిస్తే, అక్కడ మ్యాచ్‌కు సగటున 40,000 మందికి పైగానే వచ్చారు. క్లబ్బు ఓట్లలో సగానికి మించి సభ్యుల చేతిలోనే ఉండాలనే 50+1 నియమం, నిలబడి చూసేవారికి దొరికే చవక టికెట్లు, చివరి స్థానాల్లో నిలిస్తే కింది డివిజన్‌కు పడిపోతామన్న భయం, యూరప్ పోటీల్లో చోటు దక్కుతుందన్న ఆశ, ఇవన్నీ కలిసి అభిమానిని తన క్లబ్బుకు కట్టిపడేస్తాయి. కనుక ఆధిపత్యం గేటు వసూళ్లను దెబ్బతీస్తుందన్న మాటకు జర్మనీలో ఆధారం దొరకదు. దెబ్బ తగిలింది పోటీకి. 2011, 2012లలో ఛాంపియన్‌గా నిలిచిన డార్ట్‌మండ్ నుంచి ప్రధాన ఆటగాళ్లు గోట్జె 2013లో, లెవాండోవ్‌స్కీ 2014లో, హుమ్మెల్స్ 2016లో బేయర్న్‌కే చేరారు. ఒక్క ఓటమి కూడా లేకుండా 28 విజయాలు, 6 డ్రాలతో 2023-24 టైటిల్ గెలిచిన లెవర్కుసెన్ సైతం మరుసటి ఏడాది రెండో స్థానానికి దిగింది. ఆ వెంటనే కోచ్ షాబి అలోన్సో రియల్ మాడ్రిడ్‌కు, వర్ట్జ్ లివర్‌పూల్‌కు, డిఫెండర్ యోనాథన్ టా మళ్లీ బేయర్న్‌కే వెళ్లారు. సవాలు విసిరిన జట్టు రెండు మూడేళ్లకు మించి కలిసి ఉండలేకపోవడమే ఈ నమూనాలోని అసలు లోపం.

ఇద్దరు దిగ్గజాల లీగ్ దీనికంటే నయమని పైకి అనిపిస్తుంది. స్పెయిన్‌లో 2015 వరకు ప్రతి క్లబ్బూ తన ప్రసార హక్కులను తానే అమ్ముకునేది. ఆ రోజుల్లో రియల్ మాడ్రిడ్, బార్సిలోనాలకు చెరో 14 కోట్ల యూరోల దాకా వస్తుంటే, అట్టడుగు క్లబ్బులు 2 కోట్లలోపుతో సరిపెట్టుకునేవి. పాయింట్ల పట్టికలో దీని ఫలితం స్పష్టంగా కనిపించింది. 2009-10లో బార్సిలోనా 99, రియల్ 96 పాయింట్లు సాధించగా, మూడో స్థానంలోని వాలెన్సియా 71 దగ్గర ఆగిపోయింది. 2011-12లో రెండో, మూడో స్థానాల మధ్య తేడా 30 పాయింట్లు. ఆ రెండు క్లబ్బులు తలపడే రోజుల్లో ప్రపంచమంతా కళ్లప్పగించి చూసేది గానీ, తక్కిన లీగ్ మ్యాచ్‌లకు విదేశాల్లో ఆ ఆదరణ ఉండేది కాదు. 2015లో ప్రభుత్వం చట్టం చేసి ఉమ్మడి అమ్మకాన్ని తప్పనిసరి చేసింది. మొదటి డివిజన్ వాటాలో సగం అందరికీ సమానంగా పంచాలని, అత్యధిక, అత్యల్ప వాటాల నిష్పత్తికి పరిమితి ఉండాలని అందులో నిర్దేశించింది. ఇంత చేసినా, 2004-05 నుంచి 2024-25 వరకు జరిగిన 21 సీజన్లలో ఆ ఇద్దరిని దాటి అట్లెటికో మాడ్రిడ్ రెండుసార్లు మాత్రమే గెలిచింది.

స్కాట్లాండ్‌లో 1985-86 నుంచి 2024-25 వరకు 40 సీజన్లలో సెల్టిక్, రేంజర్స్ కాక మరో క్లబ్బు టైటిల్ గెలవలేదు. అంతకుముందు ఆ ఘనత 1984-85లో ఆబర్డీన్‌కు దక్కింది. 2012లో రేంజర్స్ దివాలా తీసి నాలుగో అంచెలో మళ్లీ మొదలుపెట్టినప్పుడు లీగ్ కుప్పకూలుతుందని చాలామంది హెచ్చరించారు. లీగ్ నిలబడింది, కప్ పోటీలకు కొత్త ప్రాణం వచ్చింది. సెయింట్ జాన్‌స్టన్ 2014లో, ఇన్వర్‌నెస్ 2015లో తమ చరిత్రలో తొలిసారి స్కాటిష్ కప్ ఎత్తాయి. ఆ నాలుగేళ్లూ లీగ్ టైటిల్ మాత్రం సెల్టిక్‌కే పోయింది.

పెద్ద క్లబ్బులోని తారల వల్ల లీగ్ మొత్తానికీ ఆదాయం పెరుగుతుందనే వాదనకు ఫ్రాన్స్ సమాధానం చెప్పింది. ఏడాదికి సుమారు 80 కోట్ల యూరోలు ఇస్తానన్న ప్రసార సంస్థ 2020లో చేతులెత్తేసింది. 2021 వేసవిలో అవే మ్యాచ్‌లు 25 కోట్లకు అమ్ముడయ్యాయి. అదే వేసవిలో మెస్సీ వచ్చి, నెయ్‌మార్, ఎంబాపేలతో కలిసి పారిస్ జట్టులో ఆడాడు. మొదటి ధర అతిగా పలికిన మాట నిజమే అయినా, ముగ్గురు మహా తారలు ఒకే క్లబ్బులో చేరినా లీగ్ పాత స్థాయికి ఎదగలేదు. అమెరికా లీగ్‌లో జీతాలకు పరిమితి ఉంది కాబట్టి పోటీ సమంగానే ఉంటుంది. అయితే కింది డివిజన్‌కు పడిపోయే ప్రమాదమే లేని ఆ లీగ్‌ను వీటితో పోల్చడం కష్టం.

నేను నిర్ణాయకమనుకునేది యూరప్ పోటీల డబ్బు. దేశంలోని ప్రసార ఆదాయాన్ని ఎంత న్యాయంగా పంచినా, యూరప్ దేశాల అగ్ర క్లబ్బులు తలపడే ఛాంపియన్స్ లీగ్ నుంచి వచ్చేది ఆడిన క్లబ్బు ఖాతాలోకే చేరుతుంది. ఆ డబ్బుతో మంచి ఆటగాళ్లు వస్తారు, వాళ్లతో మళ్లీ అర్హత దొరుకుతుంది, మరుసటి ఏడాది మళ్లీ డబ్బు వస్తుంది. 2018 నుంచి 2024 వరకు ఆ బహుమతి మొత్తంలో 30 శాతాన్ని పదేళ్ల ప్రదర్శన ఆధారంగా పంచారంటే, ఆ ఏడాది ఆటతో పాటు పాత వైభవానికి కూడా వాటా కేటాయించారన్నమాట. లీగ్ ఎంత చిన్నదైతే ఈ చక్రం అంత బలంగా తిరుగుతుంది. బెలారస్‌కు చెందిన బాటె బోరిసోవ్ 2008లో తొలిసారి ఛాంపియన్స్ లీగ్ గ్రూపు దశ చేరింది. 2006 నుంచి 2018 దాకా వరుసగా 13 టైటిళ్లు ఆ క్లబ్బువే.

ఈ చక్రాన్ని కొంతైనా నెమ్మదింపజేసింది ఇంగ్లండే, అందుకే నా మొగ్గు అటు. ప్రీమియర్ లీగ్‌లో దేశీయ ప్రసార ఆదాయంలో సగం సమానంగా, పావు వంతు స్థానాన్ని బట్టి, మిగిలిన పావు టీవీలో చూపిన మ్యాచ్‌లను బట్టి పంచుతారు; లీగ్ పంపిణీలో అగ్రస్థానానికీ అట్టడుగుకూ తేడా రెండు రెట్లు కూడా ఉండదు. 2023-24లో 16 పాయింట్లతో చివరన నిలిచిన షెఫీల్డ్ యునైటెడ్‌కు సైతం 10 కోట్ల పౌండ్లకు పైగా అందాయి. పైగా యూరప్ డబ్బు అక్కడ ఒకే చోట పోగుపడకుండా నాలుగైదు క్లబ్బుల మధ్య చీలుతుంది. బేయర్న్ వరుసగా గెలిచిన ఆ పదకొండేళ్లలోనే ఇంగ్లండ్‌లో అయిదు వేర్వేరు క్లబ్బులు ఛాంపియన్లయ్యాయి, వాటిలో లెస్టర్ ఒకటి. 2021 నుంచి 2024 వరకు మాంచెస్టర్ సిటీ వరుసగా నాలుగు గెలిచిన సంగతిని నేను తక్కువ చేయడం లేదు. అయితే 2025లో టైటిల్ లివర్‌పూల్‌కు వెళ్లింది.

ఆర్థిక క్రమశిక్షణలో మాత్రం జర్మనీదే పైచేయి. ఇంగ్లండ్‌లో మూడేళ్లకు గరిష్ఠంగా 10.5 కోట్ల పౌండ్ల దాకా నష్టాన్ని అనుమతించినా, తమకు వర్తించిన హద్దు దాటి 2023-24లో ఎవర్టన్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ పాయింట్లు కోల్పోయాయి. అంతకంటే నన్ను కలవరపెడుతున్నది కింది గుమ్మం. 2023-24లోనూ, 2024-25లోనూ రెండో డివిజన్ నుంచి కొత్తగా పైకి వచ్చిన మూడు క్లబ్బులకు మూడూ ఏడాది తిరగకుండానే వెనక్కి పోయాయి. పడిపోయిన క్లబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లపాటు ఇచ్చే భృతి వల్ల రెండో డివిజన్‌లోనూ అదే అసమానత తయారవుతోంది. పైన పాటించిన పంపిణీ సూత్రాన్నే అక్కడికీ తీసుకువెళ్లి, ఆ మొత్తాన్ని 24 క్లబ్బుల మధ్య స్థానాల వారీగా పంచాలి.