సఫారీ గేటు మూశాక

అడవికి వెళ్తే చుక్కలు వాటంతటవే కనిపిస్తాయని అనుకున్నాను. పెంచ్‌లో మొదటి రాత్రి నాకు బాగా కనిపించింది మాత్రం రిసార్ట్ ఈతకొలనులో నీలం లైటు. అది చాలదన్నట్టు చెట్లకు సీరియల్ బల్బులు, దారి పొడవునా తెల్లటి ఎల్‌ఈడీలు. పక్కనే వందల చదరపు కిలోమీటర్ల చీకటి అడవి పెట్టుకుని నేను పెళ్లి పందిట్లో నిలబడ్డట్టు ఉంది.

పెంచ్ పులుల అభయారణ్యంలో మహారాష్ట్ర వైపు భాగానికి 2024 జనవరిలో డార్క్ స్కై పార్క్ గుర్తింపు, అంటే కరెంటు వెలుగుల నుంచి రాత్రి చీకటిని కాపాడే చోటన్న గుర్తింపు వచ్చింది. భారతదేశంలో ఆ గుర్తింపు దక్కిన మొదటి పార్కు అదే. అడవి అంచున ఉన్న నాలుగు ఊళ్లలో వందకు పైగా వీధి దీపాలు మార్చి, వెలుగు నేల మీదికే పడేలా అమర్చారు. శ్రద్ధగా చేసిన పని. నా రిసార్ట్ ప్రహరీ లోపలికి మాత్రం ఆ శ్రద్ధ రాలేదు.

వెళ్లేవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది ఇదే. సాయంత్రం సఫారీ అవగానే గేటు మూసేస్తారు. రాత్రిపూట కోర్ అడవిలోకి, అంటే నడిమి అడవిలోకి ఎవరినీ పంపరు, పంపకూడదు కూడా. కాబట్టి అడవి ఎంత నల్లగా ఉన్నా మనకు దక్కేది మనం దిగిన చోట వాకిట్లోంచి కనిపించే ఆకాశమే. లేదంటే కోర్ చుట్టూ ఉండే బఫర్ జోన్‌లో గైడ్‌తో పాటు వెళ్లి మంచె ఎక్కాలి. బసల గురించి రాసేవాళ్లు పరుపు గురించి, బాత్రూమ్‌లో వేడినీళ్ల గురించి పేజీలు నింపుతారు గానీ బయటి లైట్ల సంగతి ఒక్కరూ రాయరు.

రాత్రి పదకొండింటికి వాచ్‌మన్‌ని అడిగాను, కాసేపు ఆ పెద్ద లైటు ఆపుతావా అని.

"ఆపితే చిరుత వస్తుంది సార్."

"లైటుంటే రాదా?"

కాస్త ఆలోచించాడు. "వస్తుంది. కనిపిస్తుంది."

దానికి నా దగ్గర జవాబు లేదు. అతని ఉద్యోగం అది. పాములూ ఎలుగుబంట్లూ తిరిగే చోట చీకట్లో నడవమని నేనూ ఎవరికీ చెప్పను. అయితే మోకాలి ఎత్తులో, పైన మూత ఉన్న పసుపు దీపాలు దారికి సరిపోతాయి. ఫ్లడ్‌లైటు అక్కర్లేదు.

మర్నాడే గది ఖాళీ చేసి, బఫర్ ఊరి దగ్గర ఒక చిన్న బసకు మారాను. మూడే గదులు. ఫ్యాన్ తిరిగితే కిటికీ కూడా ఊగేది. కానీ వాకిట్లో ఉన్నది ఒకే బల్బు, అదీ మన స్విచ్చుతోనే. ఆ రాత్రి గైడ్ మంచె దగ్గరికి తీసుకెళ్లాడు. తన టార్చికి ఎర్ర కాగితం చుట్టుకున్నాడు. చీకటికి కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది. ఆ అరగంటనీ ఒక్క ఫోన్ స్క్రీన్ పాడుచేయగలదు. ఎర్ర వెలుగు మాత్రం అంత చెరుపు చేయదు.

ఫిబ్రవరి అమావాస్య. మృగశిర (ఓరియన్) నడినెత్తికి దగ్గరగా ఉంది, దానికి పడమరగా పిల్లలకోడి (కృత్తికలు). దక్షిణాన చెట్ల కొసలకు కాస్త పైన అగస్త్య నక్షత్రం. అందులోని వాయుమేఘం ఓరియన్ నెబ్యులాను చిన్న టెలిస్కోపులో చూస్తే ఫొటోల్లోలా గులాబీ రంగులో ఉండదు, ఊపిరి తగిలిన అద్దం మీది మరకలా బూడిద రంగులో ఉంటుంది. అది చూస్తుండగా కింద చుక్కల దుప్పి హెచ్చరికగా అరిచింది. గైడ్ నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. పది నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. ఏం వెళ్లిందో తెలియలేదు గానీ, పగటి సఫారీలు రెండూ కలిపినా నాకు ఆ పది నిమిషాల్లా అనిపించలేదు.

అక్టోబరులో హాన్లే వెళ్లాను. లద్దాఖ్‌లోని చాంగ్‌థాంగ్ వన్యప్రాణి అభయారణ్యంలో ఉంది. 2022లో డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. 4,500 మీటర్ల ఎత్తున భారత ఖగోళ వేధశాల ఉంది కాబట్టి ఊరంతా చీకటిని కాపాడుకుంటుంది. నేను దిగిన హోమ్‌స్టేలో చీకటి పడగానే ఇంటావిడ చేసే మొదటి పని కిటికీలకు మందపాటి తెరలు లాగడం. స్థానికులకే శిక్షణ ఇచ్చి, టెలిస్కోపులు ఇచ్చారు. చూపించేవాళ్లు ఆ ఊరివాళ్లే. సర్వీసు అంటే నా దృష్టిలో అదే. పెద్ద రిసార్ట్‌లో గ్రీన్ లేజర్ ఊపుతూ రాశిఫలాలు చెప్పిన కుర్రాడికీ, ఇక్కడ నోరెత్తకుండా ఆండ్రోమెడాను ఫోకస్ చేసి పక్కకు తప్పుకున్న ఆవిడకూ చాలా తేడా ఉంది. ఆ గెలాక్సీ 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడ అది మామూలు కళ్లకే కనిపిస్తుంది.

ఇబ్బంది ఎత్తుతోనే. మొదటి రాత్రి తలనొప్పితో పడుకున్నాను. ఆక్సిజన్ తగ్గితే చీకట్లో కంటిచూపు కూడా మందగిస్తుంది. రెండు రాత్రులు పెట్టుకుని వెళ్తే ఒకటి పోయినట్టే, మూడైనా ఉండాలి. చలికి కెమెరా బ్యాటరీలు చకచకా ఖాళీ అవుతాయి, జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి. పగలు అడవి గాడిదలు గుంపులుగా కనిపించాయి, అది అదనం.

ఆకాశం ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే నమీబియాలోని నమీబ్‌రాండ్‌కే నా ఓటు. 2012లోనే డార్క్ స్కై రిజర్వ్ అయింది. పాలపుంత నడిబొడ్డు దక్షిణ ఆకాశంలో ఉంటుంది. హాన్లే నుంచి అది దిక్చక్రానికి 28 డిగ్రీలకు మించి లేవదు, పెంచ్‌లో 39 దాకా వస్తుంది, నమీబ్‌రాండ్‌లో జులై రాత్రి పదింటికి దాదాపు నడినెత్తిన ఉంటుంది. ఇసుకలో వెల్లకిలా పడుకుని చూశాను. కాసేపటికి పైకి చూస్తున్నానో కిందికి చూస్తున్నానో తెలియలేదు. తెల్లవారుజామున మెగెలానిక్ మేఘాలు రెండూ కనిపించాయి, పేరుకే మేఘాలు, నిజానికి చిన్న గెలాక్సీలు. క్యాంపులో మంచాలు ఆరుబయటికి లాగి వేస్తారు, లైట్లు దాదాపు లేవు. దూరం చాలా ఎక్కువ, ఖర్చు అంతకన్నా ఎక్కువ, అది మాత్రం ఒప్పుకోవాలి.

అన్నట్టు, ఆఫ్రికాలో ఒక జాతి పేడపురుగులు పాలపుంత వెలుగును చూసి దారి తప్పకుండా ఉంటాయని 2013లో పరిశోధకులు తేల్చారు. ఆ సంగతి తెలిశాక రిసార్ట్ ఫ్లడ్‌లైటు మీద కోపం నా ఒక్కడి కోసమే కాదనిపించింది.

తేదీల దగ్గర కూడా కిటుకుంది. సాయంత్రం పాలపుంత వైభవంగా కనిపించే నెలల్లో పెంచ్ మీద వానమబ్బులుంటాయి, కోర్ సఫారీలూ ఆగిపోతాయి. ఏప్రిల్‌లో వెళ్తే అర్ధరాత్రి దాటాక లేచి చూడాలి. జంతువుల కోసం ఏ తిథి అయినా ఫర్వాలేదు గానీ చుక్కల కోసమైతే అమావాస్యకు అటూ ఇటూ నాలుగైదు రోజులే.

ఇప్పుడు బుక్ చేసే ముందు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నాను, రాత్రి బయటి లైట్లు ఆపుతారా అని. చాలామందికి ప్రశ్న అర్థం కాదు, క్యాంప్‌ఫైర్ ఉంటుంది సార్ అంటారు. మొన్న ఒకాయన మాత్రం నసిగాడు. "పదింటికి జనరేటర్ ఆపేస్తాం సార్, ఆ తర్వాత బల్బు కూడా వెలగదు. ఏమనుకోకండి."

మూడు రాత్రులకు డబ్బు కట్టేశాను.